కాశమ్మ రాగం

గంగాలమ్మ మెట్టు మీంచి లేవలేదు. ఎస్తేరమ్మ తెచ్చిపెట్టిన మంచినీళ్ల గ్లాసు ఆమె పక్కనే ఉంది. ముట్టుకోలేదు.

"లోపలికి రా వదినా. ఎండలో ఎంతసేపని కూర్చుంటావు?" ఎస్తేరమ్మ మళ్లీ అడిగింది.

"నాను కూకోడానికి రానేదు. నా కూతుర్ని పిలు. ఒక్క మాట సెప్పీసి ఎల్లిపోతాను."

వంటింటి గోడకు ఆనుకుని నిలబడ్డ సూర్యకళకు ఆ మాట వినిపించింది. నాలుగేళ్ల తర్వాత వింటున్న తల్లి గొంతు. సన్నీని రిజిస్టరు ఆఫీసులో పెళ్లి చేసుకుని జాలారిపేటలోని పుట్టింటికి వెళ్లిన రోజున, "నా కూతురు సచ్చిపోయింది" అని ఈ గొంతే అంది. ఆ వెనకనే తమ్ముడు పోలిరాజు వచ్చి తలుపు వేసేశాడు. మళ్లీ ఆ తలుపు తెరుచుకోలేదు.

ఎస్తేరమ్మ వంటింట్లోకి వచ్చింది.

"వెళ్లు కళా. మీ అమ్మ గాజువాక దాకా వెతుక్కుంటూ వచ్చింది."

"నన్ను చూడ్డానికి వచ్చిందా అత్తా, తిట్టడానికి వచ్చిందా?"

"వచ్చింది కదా. ఏదైతేనేం?"

సూర్యకళ కొంగుతో మొహం తుడుచుకుని వీధిగుమ్మంలోకి వచ్చి నిలబడింది. తల్లి చిక్కిపోయింది. తల సగానికి పైగా నెరిసింది. ఖాళీ చేపల గంప మెట్టు కింద బోర్లించి ఉంది. పొద్దుటి బేరం అవగానే ఇటే వచ్చేసినట్టుంది.

గంగాలమ్మ కూతురి మొహంకేసి చూడలేదు. వీధిలోకి చూస్తూ అంది.

"ఆ పాట ఆపీమను."

"ఏ పాట?"

"ఏ పాటేటి? ఊరూవాడా మోగిపోతన్న పాట. ఆటోల్లో అదే, టీ కొట్టుకాడ అదే. సేపలు పట్టుకెల్తే ఇళ్లల్లో రేడియోలో అదే. నీ గొంతు నాకు తెల్దనుకున్నావేటి?"

సూర్యకళ మాట మెత్తబడనివ్వలేదు.

"నీ కూతురు చచ్చిపోయిందన్నావు కదమ్మా. చచ్చిపోయినదాని గొంతు నీకెలా వినబడింది?"

ఎస్తేరమ్మ "కళా!" అని గదమాయించింది.

గంగాలమ్మ మాత్రం అదిరిపడలేదు. "అవును," అంది. "సచ్చిపోయిందనుకున్న పిల్ల గొంతే. ఎమ్వీపీ కాలనీలో ఒకమ్మకి వంజరాలు కోత్తన్నాను. లోపల రేడియోలో ఇనబడింది. కత్తి పక్కనెట్టీసినాను. ఆయమ్మ 'ఏటయినాది గంగాలమ్మా' అంటే, 'కాసేపుండండమ్మా, ఆ పాట అయిపోనీండి' అన్నాను. మర్నాడూ ఆ యేలకే ఎల్లి ఆ గుమ్మంలోనే కూకున్నాను. ఆయమ్మకి సేపలొద్దు. అయినా కూకున్నాను."

ఎస్తేరమ్మ మంచినీళ్ల గ్లాసు ఇంకాస్త దగ్గరికి జరిపింది.

"మరి అంత ఇష్టపడి విన్నదానివి ఆపమంటావేం?" అంది సూర్యకళ, ఈసారి నెమ్మదిగా.

"అది మా అమ్మ రాగమే!" గంగాలమ్మ ఒక్కసారిగా లేచి నిలబడింది. "మా అమ్మ కాశమ్మ ఒడ్డున కూకుని, తెప్ప మీద ఎల్లినోడు వచ్చీదాకా తీసిన రాగం. నాకు తనే నేర్పినాది. మీ నాన్న కోసం నానూ తీసినాను. తుపానుకి ఎల్లినోడు మరి రానేదు. ఆ నాటినించి దాన్ని నా నోట్లోకి రానిచ్చినానేటి? నువ్వట్టుకెల్లి ఊరందరికీ ఇనిపించీసినావు."

సూర్యకళ తలుపు రెక్క పట్టుకుంది. ఆ రాగం తల్లి నోట విన్నప్పుడు తనకు ఆరేడేళ్లుంటాయి. వెన్నెల లేని రోజున ఇసుకలో తల్లి ఒళ్లో పడుకుని వింది. అందులో ఒకటే చరణం. 'దీపమెట్టినాను రావయ్యా, ఒడ్డు మీద దీపమెట్టినాను.' తక్కినదంతా కూనిరాగమే.

"ఊరందరికీ వినిపిద్దామని పాడలేదమ్మా," అంది.

"మరెందుకు పాడినావు?"

సూర్యకళ తల తిప్పుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఎస్తేరమ్మ వచ్చి గంగాలమ్మను మళ్లీ మెట్టు మీద కూర్చోబెట్టి, తనూ పక్కన కూర్చుంది.

"నిరుడు దానికి కడుపు పోయింది వదినా. ఆరో నెలలో. ఆడపిల్ల."

గంగాలమ్మ ఆమె వైపు తిరిగింది.

"ఆస్పత్రి నుంచి వచ్చాక నెల్లాళ్లు నోరు విప్పలేదు. అన్నం పెడితే తినేది, లేకపోతే లేదు. నేనూ మా ఆయనా పక్కన మోకరించి ప్రార్థన చేసేవాళ్లం. మా మొహాలు కూడా చూసేది కాదు. ఓరోజు గిన్నెలు తోముతూ ఆ రాగం తీసింది. అదే మొదలు. రోజూ తీసేది. మా సన్నీ గుమ్మంలో కూర్చుని విని, దానికి మాటలు రాశాడు. ఆ మాటలు పట్టుకునే పిల్ల మళ్లీ మనుషుల్లో పడింది."

గంగాలమ్మ చేతులు ఒళ్లో పడేసుకుంది. "నాకెవరూ సెప్పనేదు," అంది.

"చెబితే వచ్చేదానివా?" లోపలి నుంచి సూర్యకళ గొంతు వచ్చింది.

గంగాలమ్మ పక్కనున్న గ్లాసు తీసుకుని నీళ్లన్నీ తాగేసింది. చెప్పులు మెట్టు కింద విడిచి, గడప దాటి లోపలికి వెళ్లింది. వంటింట్లో కూతురు గోడవైపు తిరిగి నిలబడి ఉంది. వెనక నుంచి వెళ్లి దాని వీపు మీద చెయ్యి వేసింది. సూర్యకళ ఆ చెయ్యి తోసెయ్యలేదు. అలాగని ఇటు తిరగనూ లేదు.

*

సన్నీ స్కూలు నుంచి వచ్చేసరికి ఇంట్లో వాతావరణం వేరేగా ఉంది. అతను ఒక ప్రైవేటు స్కూల్లో సంగీతం మాస్టారు. ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయిస్తాడు. ఆ సాయంత్రం ద్వారకా నగర్‌లోని ఎఫ్.ఎం. స్టేషన్‌కి భార్యాభర్తలిద్దరూ వెళ్లాలి. శ్రోతలు ఎక్కువగా కోరుతున్న పాటని, దాన్ని చేసినవాళ్లతో ప్రత్యక్షంగా మాట్లాడించే కార్యక్రమం అది. చర్చి యువజనులు సూర్యకళ చేత పాడించి తమ కోసం రికార్డు చేసుకున్న ఆరాధన పాటకి అంత పేరు వస్తుందని ఎవరూ అనుకోలేదు. ఆదివారం ఉదయం ఒక్కసారి వేస్తే, అన్ని మతాలవాళ్లూ ఫోన్లు చేసి మళ్లీ మళ్లీ అడిగారు.

వంటింటి గుమ్మంలో అత్తగారిని చూసి సన్నీ ఆగిపోయాడు.

"బాగున్నారా అత్తా?" అన్నాడు, ఎలా పలకరించాలో తెలియక.

"బాగానే ఉన్నాను బాబూ," అంది గంగాలమ్మ. అల్లుడితో ఆమె మాట్లాడిన మొదటి మాట అదే.

సంగతి ఎస్తేరమ్మ చెప్పింది. అంతా విన్నాక సన్నీ కుర్చీలో కూలబడ్డాడు.

"నువ్వు కట్టిన రాగం అనుకున్నాను కళా."

"నేను కట్టానని ఎప్పుడైనా చెప్పానా?"

"కాదనీ చెప్పలేదు కదా. ఇన్నాళ్లూ అందరూ 'బాణీ సన్నీ' అంటుంటే నేను తల ఊపాను. నువ్వు పక్కనే ఉన్నావు."

"మా పేటది అని చెబితే నువ్వు దాన్ని ముట్టుకోవనుకున్నాను. మావయ్య వద్దంటారనుకున్నాను." ఆమె ఆగింది. "అసలు ఎవరికీ విప్పి చెప్పాలనిపించలేదు. అది పాప కోసం తీసుకున్నది."

సన్నీ ఆమె వైపు చూడలేకపోయాడు. నెల్లాళ్లు గుమ్మంలో కూర్చుని ఆమె దుఃఖాన్ని పంచుకున్నాననుకున్నాడు. అందులో తనకి తెలియని గది ఒకటి ఉందని ఇప్పుడు తెలిసింది.

గురునాథరావు అప్పుడే షిఫ్టు నుంచి వచ్చాడు. సన్నీ తండ్రి. స్టీల్ ప్లాంటులో ఫోర్‌మన్, చర్చిలో సంఘపెద్ద. గంగాలమ్మకు నమస్కారం పెట్టి, బూట్లు విప్పుతూనే అంతా విన్నాడు.

"ఇప్పుడేం చేద్దామంటారు?" అన్నాడు.

"మా అమ్మ పేరు సెప్పమనండి," అంది గంగాలమ్మ. "ఆపమని ఒచ్చినాను. ఇంక ఆపొద్దు. అది ఎందుకు పాడినాదో ఇన్నాను. రేడియోలో మా అమ్మ కాశమ్మ పేరు సెప్తే సాలు."

గురునాథరావు తల అడ్డంగా ఊపాడు. "మీకు తెలీదు చెల్లెమ్మా. ఉపవాస ప్రార్థనలో ప్రభువు మావాడికిచ్చిన పాట అని నేను సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పాను. ఇప్పుడు జాతర పాట అంటే ఏమనుకుంటారు?"

"జాతర పాట కాదు బాబూ. అందులో ఏ దేవుడూ నేడు. మొగుడు రావాలని పెళ్లాం తీసిన రాగం. అంతే."

"అది మీరు చెబితే నేను నమ్ముతాను. వాళ్లు నమ్మాలి కదా?"

"నాన్నా, నేను ప్రార్థన చేస్తుంటే మాటలు వచ్చాయని మాత్రమే నీకు చెప్పాను," అన్నాడు సన్నీ. "రాగం సంగతి నువ్వు కలిపావు."

"కలిపాను. కొడుకు పాట విని సంఘమంతా ఏడుస్తుంటే, ఏ తండ్రైనా కాస్త కలుపుతాడు." ఆయన గొంతు హెచ్చింది. వెంటనే తగ్గింది. "నేను బాప్తిస్మం తీసుకున్న రోజున మా నాన్న నన్ను గడప తొక్కనివ్వలేదు. ఆయన పోయినప్పుడు కూడా రోడ్డు మీద నిలబడే చూశాను. ఈ సంఘమే నాకు అమ్మా నాన్నా అయింది. రేపు ఆదివారం వాళ్ల మధ్య కూర్చోవాల్సింది నేను."

గంగాలమ్మ ఆయన్నే చూస్తోంది.

"మీ నాన్న పోయినప్పుడు కూడా లోనికి రానివ్వనేదా?"

"లేదమ్మా."

"మిమ్మల్ని సూడాలని ఆయనకీ సానా ఉండేదేమో."

గురునాథరావు లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు. కొళాయి కింద చాలాసేపు కాళ్లు కడుక్కున్నాడు. తిరిగి వచ్చి, తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూ కొడుకుతో అన్నాడు.

"నేను చెప్పమననురా, వద్దనీ అనను. ఏం చెబుతావో నీ ఇష్టం. చెప్పాక మాత్రం రేపు నా పక్కన కూర్చో. నన్నొక్కణ్ణీ ఒదిలెయ్యకు."

సూర్యకళ బయల్దేరుతుంటే గంగాలమ్మ కూడా గంప అందుకోబోయింది.

"ఉండు వదినా," అని ఎస్తేరమ్మ గంప లాక్కుంది. "పిల్ల మాట్లాడేది ఇక్కడ కూర్చుని ఇద్దరం విందాం. వాళ్లొచ్చాక వెళ్దువుగాని."

"పోలిగాడికి సెప్పి రానేదు. ఆడికి తెలిస్తే..."

"తెలిస్తే తెలుస్తుంది."

గంగాలమ్మ కూతురికేసి చూసింది. సూర్యకళ ఒక్క క్షణం గుమ్మంలో ఆగింది.

"అమ్మా, నువ్వు మీ అమ్మ కోసం వచ్చావా, నా కోసం వచ్చావా?"

గంగాలమ్మ పెదాలు కదిలాయి. ఈలోగా బస్సుకి టైమవుతోందని సన్నీ వీధిలోంచి పిలిచాడు.

*

బస్సులో ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. బస్సు ఎన్.ఏ.డి. జంక్షన్ దాటింది.

"కోపమొచ్చిందా?" అని సూర్యకళే అడిగింది.

"కోపం కాదు." సన్నీ కిటికీలోంచి చూస్తున్నాడు. "మీ నాన్నగారు సముద్రంలో పోయారని తెలుసు. ఆయన కోసం మీ అమ్మ పాడేదని నాకు తెలిసుంటే, ఆ మాటలు ఇంకోలా రాసేవాణ్ణేమో."

"ఇంకోలా రాయకపోవడమే మంచిదైంది."

"ఎందుకు?"

"'ఒడ్డున నిలిచినవాడా, నా పేరు మరువనివాడా' అని రాశావు. నీకేమీ తెలీకుండానే ఒడ్డు అని రాశావు. మొదటిసారి చదివి వినిపించినప్పుడు నాకు ఒళ్లు ఝల్లుమంది."

సన్నీ ఇటు తిరిగాడు. ఇంట్లోంచి బయల్దేరాక ఆమె మొహం చూడటం అదే మొదలు. ఆమె ఒళ్లో ఉన్న చేతిసంచీ తీసుకుని తన ఒళ్లో పెట్టుకున్నాడు.

ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు దిగి, సందులోంచి నడిచి స్టేషన్ ఉన్న మేడ ఎక్కారు. చిన్న గది, గోడల నిండా మెత్తటి దళసరి గుడ్డ, బల్ల మీద మూడు మైకులు. హిమబిందు అనే అమ్మాయి కార్యక్రమం నడుపుతుంది. చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుంటూ నవ్వింది.

"టెన్షన్ పడకండి. మామూలుగా ఇంట్లో మాట్లాడుకున్నట్టు మాట్లాడండి. మధ్యలో ఫోన్లు తీసుకుంటాను. ఒక్కటే రిక్వెస్టు, మౌనంగా మాత్రం ఉండొద్దు. రేడియోలో మౌనం వస్తే జనం స్టేషన్ మార్చేస్తారు."

ఎర్రదీపం వెలిగింది. హిమబిందు గొంతు ఒక్కసారిగా పండగ గొంతయిపోయింది. పాట మొదటి చరణం వినిపించి, సన్నీ వైపు తిరిగింది.

"వైజాగ్ మొత్తం పాడుకుంటున్న ఈ పాట ఎలా పుట్టింది సన్నీగారూ?"

సన్నీ నోరు తెరిచాడు. అతని కళ్ల ముందు పెరట్లో కాళ్లు కడుక్కుంటున్న తండ్రి ఉన్నాడు. హిమబిందు కంగారుగా చెయ్యి తిప్పి, మాట్లాడమని సైగ చేసింది. సూర్యకళ తన మైకు దగ్గరికి వంగబోతుంటే అతను ఆమె చెయ్యి పట్టుకుని ఆపాడు.

"మాటలు నావండి. రాగం నాది కాదు. అందరూ నాది అంటుంటే నిజమే అనుకున్నాను. మా ఆవిడ అమ్మమ్మ కాశమ్మగారు, జాలారిపేట ఒడ్డున కూర్చుని, సముద్రంలోకి వెళ్లిన భర్త కోసం తీసిన రాగం అది. ఆవిడ దగ్గర మా అత్తగారు గంగాలమ్మగారు నేర్చుకున్నారు. ఆవిడ దగ్గర మా ఆవిడ విన్నది. పోయినేడు మా పాప పుట్టకుండానే పోయింది. అప్పుడు మా ఆవిడ మళ్లీ ఆ రాగం తీసింది. నేను విని, ప్రభువుని తల్చుకుని మాటలు రాశాను. అంతేనండి."

హిమబిందు తను చెప్పిన సూత్రం తనే మర్చిపోయి, కాసేపు మాట్లాడలేకపోయింది. తర్వాత గొంతు సవరించుకుని, "ఫోన్లు ఆగట్లేదు," అంది. "హలో, ఎవరు మాట్లాడుతున్నారు?"

"నా పేరెందుకు లెండి. నేను వాళ్ల చర్చివాణ్ణే." గొంతు సన్నీకి తెలిసినదే. "సన్నీ, ఉపవాస ప్రార్థనలో వచ్చిందని మీ నాన్నగారు చెప్పారు. ఇప్పుడు నువ్వు ఇలా చెబుతున్నావు. మరి ఏది నిజం?"

"నేను చెప్పిందే నిజం అన్నా. మా నాన్నకి తెలీదు. తప్పేదైనా ఉంటే నన్నడగండి."

"రేపు చర్చిలో మాట్లాడదాం," అని ఫోన్ పెట్టేశాడు ఆయన.

హిమబిందు ఆ ఇబ్బందిని కప్పేస్తూ గబగబా ఇంకో లైను తీసింది. "హలో, చెప్పండి! ఎక్కణ్ణించి?"

అటు నుంచి ఇంజన్ల మోత, ఎవరో మంచు గడ్డలు కొడుతున్న చప్పుడు వినిపించాయి.

"ఫిషింగ్ హార్బర్ నించి."

సూర్యకళ మొహంలో రంగు మారింది. సన్నీ ఆమె వైపు ప్రశ్నార్థకంగా చూశాడు.

"మీ పేరు చెప్పండి సార్. పాట మళ్లీ వెయ్యమంటారా?"

"పాటొద్దండి." మగ గొంతు తడబడింది. "నాను పోలిరాజుని. ఇందాకట్నించి ఇంటన్నాను. కాశమ్మ మా అమ్మమ్మే. మా అమ్మ పొద్దున సేపలట్టుకెల్లి ఇంతవరకూ ఇంటికి రానేదు. పేటంతా ఎతికినాను. అక్కడ మా అక్కుంది కదండీ. మా అక్కకేటైనా తెలుసేమో... ఓపాలి అడగండి."

హిమబిందు ఏం చెయ్యాలో తెలియక సూర్యకళ వైపు చూసింది. సూర్యకళ మైకుని రెండు చేతులా పట్టుకుంది. నాలుగేళ్లుగా తమ్ముడితో అనాలనుకున్నవి ఎన్నో ఉన్నాయి. నిష్ఠూరాలు, ప్రశ్నలు. ఒక్కటీ నోటికి రాలేదు.

"అమ్మ నా దగ్గరే ఉందిరా. గాజువాకలో, మా ఇంట్లో. అన్నం తింది."

అన్నం తిందో లేదో నిజానికి ఆమెకు తెలీదు. అయినా ఆ మాటే వచ్చింది.

అటు నుంచి ఇంజన్ల మోత తప్ప మరేమీ లేదు. హిమబిందు చెయ్యి మీట మీదికి వెళ్లి, అక్కడే ఆగిపోయింది.

"పోలీ," అంది సూర్యకళ. "ఉన్నావా?"

"ఉన్నాను. అమ్మని అక్కడే ఉండమను. కదలొద్దను. నానొత్తన్నాను."

లైను తెగిపోయింది.

హిమబిందు పాట పెట్టి, హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పడేసింది. సన్నీ అప్పటికే కుర్చీలోంచి లేచాడు.

"ఎందుకొస్తున్నాడంటావు?" అన్నాడు.

తమ్ముడి గొంతు సూర్యకళ చెవుల్లో ఇంకా ఉంది. అందులో కోపముందో, ఏడుపుందో ఎంత తరచి చూసుకున్నా ఆమెకు అంతుపట్టలేదు.

"పద," అని మెట్లవైపు పరుగెత్తింది. "వాడికంటే ముందు మనం ఇంట్లో ఉండాలి."